కీమో మందుకి అడ్రస్ తెలుసా?

రాత్రి పదింటికి ఆర్డర్ పెట్టినా బిర్యానీ హైటెక్ సిటీలో మన ఫ్లోర్ వెతుక్కుని మరీ వస్తుంది. కీమో మందుకి అలాంటి అడ్రస్ ఉండదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల్లో లుకేమియాని కొంతకాలం అదుపు చేశారు. కానీ ఇలాంటి మందులు ఒళ్లంతా తిరుగుతాయి. వేగంగా పెరిగే మంచి కణాల్నీ కొడతాయి. జుట్టు రాలేది, నోరు పూసేది అందుకే.

మరి పాలిమర్ ఏం చేస్తుంది? మందుని దానికి అంటిస్తే సైజు పెరుగుతుంది. మామూలు రక్తనాళాల్లోంచి అంత తేలిగ్గా బయటికి రాదు. ట్యూమర్ నాళాలు మాత్రం జల్లెడలా ఉంటాయి, అక్కడ జారి లోపల నిలిచిపోతుంది. జపాన్‌లో మత్సుమురా, మయేదా 1986లో చెప్పింది ఇదే.

అయితే ఇది జీపీఎస్ కాదు. జంతువులపై పదేళ్ల ప్రయోగాల్ని 2016లో కెనడా శాస్త్రవేత్తలు లెక్కేస్తే, ఎక్కించిన నానో కణాల్లో ట్యూమర్‌కి చేరింది దాదాపు 0.7 శాతమే! చాలావాటిని లివర్, ప్లీహం పట్టేసుకుంటాయి.

అందుకే ‘సైడ్ ఎఫెక్ట్స్ లేని నానో కీమో’ అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ వస్తే డబ్బు కట్టకముందే డాక్టర్‌ని రెండు ప్రశ్నలు అడగండి: పాత మందు కంటే ఏ ఇబ్బంది తగ్గుతుంది? ఆయుష్షు పెరుగుతుందని మనుషుల్లో తేలిందా?