మోటారుబండి పెట్రోలు ట్యాంకు – తుప్పు వదల్చు విధము

గృహిణికిని మోటారుబండి ట్యాంకునకును ఏమి సంబంధమని కొందఱు నవ్వవచ్చును. బండి నడుపుట, బాగుచేయించుట పురుషుల పనియని యెంచుట మన యిండ్లలో నింకను పోలేదు. కాని ముంగిట నిలిచిన బండి క్రింద పెట్రోలు చుక్కలు రాలుచున్నచో ఆ వాసనను మొదట పసిగట్టునది వంటయింటిలో నున్న స్త్రీయే. ఆ బండి ప్రక్కన ఆడుకొనువారు మన బిడ్డలే. ఇక తుప్పు వదల్చుట యన్ననో, చింతపండుతో ఇత్తడి బిందె తోమిన చేతులకు అది బొత్తిగా క్రొత్త విద్య కాదు. కావున నీ సంగతి మన పత్రికలో వ్రాయుట యనుచితము కాదని తలంచితిమి.

మేముండు బషీర్‌బాగునకు ఆ పేరు బషీరుద్దౌలా బిరుదు గల సర్ ఆస్మాన్ జా వలన వచ్చినది. పైగా వంశజుడైన యాయన 1887 మొదలు 1894 వఱకు హైదరాబాదు ప్రధానమంత్రిగా నుండెను. ఆయన భవన మిప్పుడు లేదు. ఏడవ నిజాము నివసించిన కింగ్‌కోఠీ యిచ్చటికి కూతవేటు దూరము. అతని తండ్రి మహబూబ్ అలీ ఖాన్ తెప్పింపనెంచిన రోల్సు రాయిసు బండి ఆయన 1911లో మరణించిన పిమ్మట సిద్ధమైనది. ఉత్సవములకు మాత్రమే బయలుదేఱిన యా పసుపుపచ్చని బండి తరువాత దశాబ్దములు కదలక పడియుండి, మరల బాగుచేయబడి, నేడు చౌమహల్లా పాలెసులో చూపఱకు కనబడుచున్నది. అట్టి బండ్లను చూచి, తిరుగని బండి చెడదని అనుకొనువారు కలరు. ఇంజను మాట యెట్లున్నను, పెట్రోలు ట్యాంకు విషయమున నిది తలక్రిందులు. తిరుగు బండికంటె నిలిచిన బండి ట్యాంకే త్వరగా చెడును.

మా మామగారి అంబాసడరు బండి వారు గతించిన పిమ్మట నాలుగేండ్లు కదలలేదు. ఆ బండ్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది గనుక క్రొత్త ట్యాంకు దొరకుట సులభము కాదు. పాత యినుము కొనువాడు వచ్చి ధర చెప్పి పోయెను. ఉపాధ్యాయుని జీతముతో గడుపు సంసారమున అమ్ముట మేలా, బాగుచేయించుట మేలా యని కొన్నాళ్ళు తర్కించి, తుదకు ట్యాంకు విప్పించితిమి.

ఇనుమునకు నీరు, గాలి రెండును తగిలినప్పుడే తుప్పు పుట్టును. అమరకోశము మండూరమును లోహమలమని చెప్పినది. వైద్యులు దానినే శుద్ధిచేసి పాండురోగమునకు మందుగా వాడుదురు. ఒంటికి మందైన యీ మలమే యింజనునకు విషము. పెట్రోలుండు ట్యాంకులోనికి నీ రెక్కడనుండి వచ్చునని యడుగవచ్చును. సగము వెలితిగా నున్న ట్యాంకులో మిగిలిన చోటంతయు గాలిదే. పగలు ఎండకు కాగి రాత్రి చల్లబడునప్పుడు, చల్లని పాలగిన్నె వెలుపల చెమ్మ పట్టినట్లు, ఆ గాలిలోని తేమ ఱేకు లోపలివైపున చెమర్చి క్రిందికి జాఱును. నూనెలో పడిన నీరు అడుగునకు చేరునట్లే, పెట్రోలుకంటె బరువైన యీ నీరును ట్యాంకు అడుగున తిష్ఠ వేయును. పై ఱేకు నిగనిగలాడుచున్నను అడుగుభాగము జల్లెడ యగుటకు కారణ మిదియే. ఇత్తడి పాత్రకు కళాయి వేసినట్లు, పాత కార్ల ట్యాంకు ఱేకులకు సీసము, తగరము కలిసిన పూత వేయుట పరిపాటి. ఆ పూత ఎచ్చట లేచిన నచ్చట తుప్పు మొదలగును.

ఇటీవల మఱియొక కారణము తోడైనది. మన దేశమున పెట్రోలులో ఇథనాలు కలుపుచున్నారు. నూటికి ఇరువది పాళ్ళు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదట అమ్మకమునకు వచ్చినది. ఇథనాలు నీటిని ఆకర్షించి కొంతవఱకు తనలో కలుపుకొనును. బండి తిరుగుచున్నంత కాలము దీనివలన బాధ లేదు. ఆ నీరు పెట్రోలుతోపాటే ఖర్చగును. బండి నెలల తరబడి నిలిచినచో నీరు మితిమీఱి, ఇథనాలుతో గూడ విడిపోయి అడుగునకు దిగును. వఱదనీటి సంగతి చెప్పనే యక్కఱలేదు. 2000 ఆగస్టు 24న కురిసిన కుండపోతకు హుస్సేనుసాగరు మిగులునీటి నాలా పొంగి అశోకనగరు, దోమలగూడ ప్రాంతములు మునిగినవి. 2020 అక్టోబరులో నగరమున అనేక భాగములు మరల నీట మునిగినవి. అట్లు మునిగిన బండ్ల ట్యాంకులలోనికి మూత సందుల గుండను, గాలి గొట్టము గుండను నీరు దూఱియుండవచ్చును.

నేటి కార్లకు చాలవఱకు ప్లాస్టికు ట్యాంకులే యుండును గనుక వాని కీ తుప్పు బెడద లేదు. కాని మన యిండ్లలోని మోటారుసైకిళ్ళకు ఇనుపఱేకు ట్యాంకులే హెచ్చు. బండి కదలినట్లే కదలి కొంత దూరము పోయి ఆగిపోవుట, కొంతసేపు నిలిపినచో మరల కదలుట, ఫిల్టరులో ఇటుకపొడి వంటిది చేరుట – ఇవి ట్యాంకు తుప్పుపట్టినదనుటకు గుర్తులు. కార్బొరేటరును ఎన్నిమాఱులు శుభ్రము చేయించినను ట్యాంకును చేయింపనిచో డబ్బు దండుగ.

ఇక అసలు చెప్పదలచిన సంగతికి వత్తుము. పెట్రోలుతో నిండిన ట్యాంకుకంటె ఖాళీ ట్యాంకే హెచ్చు ప్రమాదము. ఇది వినుటకు వింతగా నుండును. పెట్రోలు ద్రవముగా నుండి మండదు. దాని యావిరి గాలితో తగుపాళ్ళలో కలిసినప్పుడే మండును. నూఱు పాళ్ళ గాలిలో ఆవిరి సుమారు ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్ళ వఱకు నున్నచో ఒక్క నిప్పురవ్వ చాలును. నిండు ట్యాంకు పైభాగమున ఆవిరి చిక్కగా నుండి గాలికి చోటుండదు. ట్యాంకును ఒంపివేసి, మూత తీసి, గాలికి పెట్టినప్పుడే యీ పాళ్ళు సరిగా కుదురును. అనగా, జాగ్రత్త కొఱకని ఖాళీ చేసిన ట్యాంకునే మనము బాంబుగా మార్చుచున్నాము. మఱియు తుప్పు పెచ్చుల సందున పెట్రోలు ఇంకియుండును. ముక్కునకు వాసన తెలియకున్నను, మంట తగిలి ఱేకు వేడెక్కగనే ఆ పెచ్చులనుండి ఆవిరి మరల బయటికి వచ్చును.

మా ట్యాంకు అడుగున సూదిమొన లంతటి కన్నములు మూడుండెను. వానిని మూయించుటకు మా వారు ట్యాంకును ఒక వెల్డింగు దుకాణమునకు తీసికొనిపోయిరి. మేమును వెంట నుంటిమి. అచ్చట పదునాఱేండ్లకు మించని పిల్లవాడొకడు గ్యాసు మంట వెలిగించి ముందునకు వచ్చెను. ట్యాంకును కడిగితివా యని మా వారడుగగా వాడు, “నెల దినములుగా ఎండలో పడియున్నది గదా సారూ, లోపల చుక్క కూడ లేదు” అని నవ్వెను. వాని కంటికి చుక్కయే పెట్రోలు. ఆవిరి పెట్రోలు కాదు. మా వారు వాని చేయిపట్టి మంట నార్పించి ట్యాంకును ఇంటికి తెచ్చిరి. దుకాణము యజమాని విసుగుకొనెను. ఆ పిల్లవానికి తల్లి యెవరో మేమెఱుగము గాని, ఆ దినమంతయు మాకు ఆమెయే మనసులో మెదలెను.

ఇంటనే తుప్పు వదల్చుటకు పూనుకొంటిమి. మొదట బ్యాటరీ తీగను విప్పించి, ఆ పిమ్మటనే ట్యాంకును దింపించవలెను. పెట్రోలు ఒంపుట ఆరుబయట జరుగవలెను. పెట్రోలావిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు గనుక నేలబాఱి ప్రాకిపోవును. అపార్టుమెంటులలో సెల్లారునందు ట్యాంకు విప్పుట పామును బుట్టలో బంధించినట్లు. ఆవిరి పోవుటకు త్రోవ లేక అచ్చటనే నిలుచును. మేము ఆ పూట వంటయింటి పొయ్యి వెలిగింపలేదు. తులసికోట దీపము కూడ పని ముగిసి, చేతులు కడిగి, చీర మార్చిన పిమ్మటనే పెట్టితిమి. ఒంపుటకు ప్లాస్టికు బకెట్టు పనికిరాదు. ఒఱపిడివలన విద్యుత్తు పుట్టి రవ్వ రాలవచ్చును. మూతగల లోహపు డబ్బా శ్రేష్ఠము.

పెట్రోలు మట్టము చూపు తేలుడుసాధనమును ఊడదీసి, రంధ్రములకు బిరడాలు వేసి, మొదట సబ్బు కలిపిన వేడినీటితో మూడు నాలుగు మాఱులు కడుగవలెను. జిడ్డు పోనిచో పులుపు తుప్పును తాకదు. నేతిగిన్నెను ముందు సబ్బుతో కడుగక చింతపండు రుద్దినచో ఫలమేమి? పిమ్మట ఒక పాత ఇనుపగొలుసునో, గుప్పెడు నట్లనో లోపల వేసి, కొంత నీరు పోసి, ఇద్దఱు రెండువైపుల పట్టి ఊపవలెను. వేసిన నట్లను లెక్కపెట్టి వేయుట మఱువరాదు. తీసినప్పుడు లెక్క సరిపోవలెను. మా ట్యాంకునుండి మొదటి దఫా వచ్చిన నీరు గోరింటాకు నూఱిన రోలు కడిగినట్లు చిక్కగా వచ్చినది.

మొండి తుప్పునకు నిమ్మఉప్పు మంచిది. లీటరు వేడినీటికి ఏబది గ్రాముల చొప్పున, నలుబది లీటర్లకు రెండు కిలోలు పట్టినది. ఒక పగలు, ఒక రాత్రి ఉంచి నడుమ నడుమ ట్యాంకును ప్రక్కలు మార్చుచుండవలెను. లోపల వాయువు పుట్టును గనుక బిరడాలు బిగించి వదలరాదు. స్నానపుగదులు కడుగు యాసిడు మాత్రము తేవలదు. అది తుప్పుతోపాటు మంచి ఇనుమును తినివేయును; దాని పొగ గొంతుకు, కన్నులకు చెఱుపు. విద్యుత్తు పెట్టి చాకలిసోడా నీటిలో తుప్పు లాగు పద్ధతియు నొకటి కలదు. అందు పుట్టు హైడ్రోజను వాయువు కూడ పేలునదే గనుక పిల్లలున్న యింటికి దానిని మేము సిఫారసు చేయము.

పుల్లని నీరు ఒంపగనే వంటసోడా కలిపిన నీటితోను, ఆపై మంచినీటితోను కడుగవలెను. ఇక్కడ ఆలస్యము చేసినచో చేసిన పని యంతయు వ్యర్థము. తడిసిన శుభ్రపు ఇనుముమీద నిమిషములలో ఎఱ్ఱని పొర క్రమ్ముకొనును. అందుచే కడపట పోయునది మరుగునీరు కావలెను. ఱేకు వేడెక్కి తడి తానే ఆఱును. వెంటనే చక్రములకు గాలి పట్టు దుకాణమున గొట్టము పెట్టించి లోపల మూలమూలల గాలి కొట్టించితిమి. లోపలికి దీపపు వెలుగు ప్రసరింపజేసి చూడగా ఱేకు బూడిదవన్నెగా కనబడినది. ఆఱిన ట్యాంకులో కొంచెము ఇంజనునూనె పోసి అన్నివైపులకు పొరలించితిమి.

కన్నములను మూయుటకు మంట అక్కఱలేకపోయెను. మాట్లు వేయు ముదుసలి యొకడు ట్యాంకును బోర్లించి, కన్నములకు కొంచెము దిగువ వఱకు నీరు నింపి, గాలి పోవుటకు ఒక రంధ్రము తెఱచియుంచి, దూరమున కాల్చి తెచ్చిన రాగి కడ్డీతో తగరపు మాటు వేసెను. లోపల నీరుండగా ఆవిరికి చోటెక్కడిది? అతడు బడి మొగమెఱుగడు. కాని ఆ దుకాణపు పిల్లవానికి ఎవ్వరును చెప్పని సంగతి అతని చేతులకు తెలియును. మాటు వేసిన పిమ్మట నీటిని ఒంపి మరల గాలి కొట్టించి ఆరబెట్టితిమి. లోపల పూయు ఎపాక్సీ లేపనములు బజారున దొరకును గాని, తేమ మిగిలినచో అవి పెచ్చులూడి గొట్టములకు అడ్డుపడును. మేము పూయింపలేదు.

మిగిలిన మురికి సంగతి యొకటి. 2000 ఫిబ్రవరికి ముందు మన దేశమున పెట్రోలులో సీసము కలిసియుండెను. పాత ట్యాంకుల పూతలోను సీసము కలదు. కావున ఆ పుల్లని నీటిని మొక్కలకు పోయరాదు. వంటపాత్రలు దానికి వాడరాదు. రబ్బరు తొడుగులు లేక ముట్టరాదు. చెడిన పెట్రోలును మురుగుకాలువలో పోయుట అన్నిటికంటె అపాయము. మెక్సికో దేశమున గ్వాదలహారా నగరమున 1992 ఏప్రిల్ 22న భూగర్భపు మురుగుకాలువలలో చేరిన పెట్రోలావిరి పేలి వీధులకు వీధులే చీలిపోయినవి. 200 మందికి పైగా మరణించిరి. విచారింపగా, జింకుపూత గల నీటిగొట్టము పెట్రోలు గొట్టమునకు తగిలి, ఆ చోట లోహము తినబడి కన్నము పడినదని తేలినది. మా చెడు పెట్రోలును, కడిగిన నీటిని మూతబిగించిన డబ్బాలలో మెకానిక్కునకే అప్పగించితిమి.

బండికి క్రొత్త ఫిల్టరు వేయించితిమి. అది వారమునకే ఎఱ్ఱబడినది. రెండవది నెల నిలిచినది. మూడవది ఇంకను తెల్లగానే యున్నది. ఫిల్టరు గాజుది గనుక చూచుట సులభము. ఆదివారము ఉదయమున చిక్కడపల్లి మార్కెట్టునకు పోవుటకు ముందు మా పెద్దపిల్ల బానెట్టు ఎత్తి దానిని చూచి చెప్పును.