ఉప్పు: చిటికెడు కాదు, ప్యాకెట్టు చూడండి

మన కుటుంబాలు కొన్నింటిలో భోజనాన్ని చిటికెడు ఉప్పుతో ప్రారంభించి, చిటికెడు ఉప్పుతోనే ముగించే ఆచారం ఉంది. అలా చేస్తే డెబ్భై రోగాలు దూరమవుతాయని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ అలీ (రజి)కి బోధించారని పెద్దలు చెబుతుంటారు. అయితే ఈ ఉల్లేఖనాన్ని ఇమామ్ ఇబ్నుల్ జౌజీ (మరణం హిజ్రీ 597) కల్పిత హదీసులను సేకరించిన తమ 'అల్ మౌజూఆత్' గ్రంథంలో చేర్చారు. మదర్సాలలో తెలిసిన ఈ విషయం మన దస్తర్‌ఖాన్ దాకా ఇంకా రాలేదు. ఆ చిటికెడు వల్ల కలిగే నష్టం స్వల్పమే. కాని ఉప్పును ఔషధంగా భావించే ఇంట్లో దాని విషయంలో చేతికి అదుపు ఉండదు.

ఉప్పులోని సోడియం శరీరంలో నీటిని నిలిపి ఉంచుతుంది. మూత్రపిండాలు వెలికి పంపగలిగిన దానికంటే ఉప్పు ఎక్కువైతే నాళాలలో ప్రవహించే రక్తం పరిమాణం పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడిని భరించిన ధమనుల గోడలు గట్టిపడతాయి; ఎదురొత్తిడికి వ్యతిరేకంగా రక్తాన్ని నెట్టే గుండె ఎడమ గది కండరం మందమవుతుంది. పక్షవాతానికి, గుండె జబ్బుకు దారి ఇక్కడే పడుతుంది. ఇదంతా సాధారణంగా ఏ నొప్పీ లేకుండానే జరిగిపోతుంది. తలనొప్పి లేదు గనుక బి.పి. లేదని భావించడం సరికాదు, కొలిపించుకుంటేనే తెలుస్తుంది.

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే ఒక టీస్పూను కంటే తక్కువ. ఐదుగురు పెద్దవారున్న ఇంటికి నెలకు 750 గ్రాములు. వంటకే కిలో ప్యాకెట్టు నెల తిరగకుండా అయిపోతుంటే లెక్క దాటినట్లే. ఆవకాయ, అప్పడాలు, ఉప్పుచేప, బేకరీ బిస్కెట్లు ఈ లెక్కలోకి రానే లేదు! సైంధవ లవణం వాడుతున్నామన్న ధీమా కూడా వద్దు. అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే.

బి.పి. ఉన్న అబ్బాజాన్‌కు ఒక్కరికే చప్పిడి కూర వండి, మిగతావారు ఉప్పూకారాలతో తినడం మనం చూస్తున్నదే. నాలుగు రోజులు తిని ఐదవనాడు ఆయన చేయి పచ్చడి జాడీ వైపు సాగుతుంది. అందరికీ వండే గిన్నెలోనే కొద్దికొద్దిగా తగ్గిస్తే కొన్ని వారాలలో నాలుక అలవాటు పడుతుంది. నిమ్మరసం, చింతపండు, పుదీనా, మిరియాలు ఆ లోటును చాలావరకు తీరుస్తాయి. ఇక్కడ పురుషుల బాధ్యతే ఎక్కువ. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఎన్నడూ భోజనానికి వంక పెట్టలేదని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఉప్పు తగ్గిందని ఇల్లాలిపై కసురుకునేవారు ఈ హదీసును ఎక్కడ పెట్టుకుంటారో!

చైనా గ్రామాలలో సోడియంలో కొంత భాగానికి బదులు పొటాషియం చేర్చిన ఉప్పును వాడించి పరిశీలించగా పక్షవాతం తగ్గినట్లు 2021లో వెల్లడైంది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం ప్రమాదకరం కావచ్చు. బి.పి. మాత్రలు కొన్ని కూడా రక్తంలో పొటాషియాన్ని పెంచుతాయి. కనుక వైద్యుని అడగనిదే అటువంటి ఉప్పు కొనరాదు. ఉప్పు తగ్గించాం గదా అని మాత్రలు మానడమూ తగదు.

రమజాన్ సహరీలో పచ్చళ్లు, అప్పడాలు పక్కన పెడితే పగటి దాహం కూడా తగ్గుతుంది.