మహిళల పెట్టె (బొల్లారం రైలుమార్గం)

మహిళల పెట్టె (వాడుకలో లేడీస్ బోగీ) అనగా రైలులో స్త్రీలకు మాత్రమే కేటాయించిన భాగం. 1989 నాటి రైల్వే చట్టం 58వ సెక్షను ఇందుకు ఆధారం. సికింద్రాబాదుకు ఉత్తరాన గల కంటోన్మెంటు ప్రాంతమైన బొల్లారం మీదుగా మేడ్చల్‌కు ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు 2023 ఏప్రిల్ 8న మొదలయ్యాయి.

రోజూ ఒకే వేళకు ఎక్కే ఉద్యోగినులకు, విద్యార్థినులకు ముందుగా తెలిసేది పేరు కాదు, దిగే స్టేషను: ఆల్వాల్ అక్క, మల్కాజిగిరి పాప. చీటీల లెక్కలు, పెళ్ళి సంబంధాల వాకబు, ఇంట్లో చెప్పుకోలేని ప్రేమ విషయాలు సైతం ఇక్కడ సాగుతాయి. చట్టం ఇచ్చినది చోటు మాత్రమే. తోడు వారు కల్పించుకున్నదే. అయితే ఈ స్నేహం రైలు వేళలపై ఆధారపడినది. సాయంత్రపు బండి ఒకటి రద్దయితే ఆనాటి తోడు కూడా తప్పిపోతుంది. చీకటిలో స్టేషను నుండి ఒంటరిగా నడవవలసిన స్త్రీకి ఇది స్వల్ప విషయం కాదు. అందువల్లనే దిగిన తరువాత ఇల్లు చేరినట్లు ఫోనులో తెలుపుకోవడం పరిపాటి.