కంచె కాపలాపై కన్నెవరిది?

2011 జనవరి 7. పొగమంచు కమ్మిన వేకువజాము. అస్సాంలో బతుకుతెరువు వెతుక్కున్న ఒక బంగ్లాదేశీ తండ్రి తన పదిహేనేళ్ల కుమార్తెను వెంటబెట్టుకొని స్వగ్రామానికి బయలుదేరాడు. అమ్మాయి పేరు ఫెలానీ ఖాతూన్. ఊరిలో ఆమెకు నికాహ్ నిశ్చయమై ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని కూచ్‌బెహార్ జిల్లా సరిహద్దులో ముళ్లకంచెకు వెదురు నిచ్చెన ఆనించి తండ్రి ముందుగా అవతలికి దాటాడు. వెనుకనే ఎక్కిన కుమార్తె దుస్తులు ముళ్లకు చిక్కుకున్నాయి. భయంతో ఆమె కేక వేసింది. సరిహద్దు భద్రతా దళానికి చెందిన జవాను కాల్పులు జరిపాడు. ఆమె దేహం గంటల తరబడి ఆ కంచెకే వేలాడుతూ ఉండిపోయింది. ఆ ఛాయాచిత్రం ప్రపంచమంతటా చేరింది.

అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటడం నేరమే, సందేహం లేదు. ఆ నేరానికి చట్టంలో శిక్ష ఉంది, దానిని విధించవలసినది న్యాయస్థానం. నిరాయుధురాలైన బాలికపై తుపాకి పేల్చిన వ్యక్తిని ఎవరు ప్రశ్నించారు, ఏ అధికారంతో ప్రశ్నించారు అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

ప్రశ్నించినది ఆ దళమే. సరిహద్దు భద్రతా దళ చట్టం (1968) ప్రకారం ఏర్పడే జనరల్ సెక్యూరిటీ ఫోర్స్ కోర్టు 2013 ఆగస్టులో కూచ్‌బెహార్‌లో విచారణ ప్రారంభించింది. తీర్పరులుగా కూర్చున్నవారు అదే దళం అధికారులు. బాలిక తండ్రి సరిహద్దు దాటి వచ్చి సాక్ష్యం చెప్పాడు. సెప్టెంబరు 6న జవాను నిర్దోషి అన్నారు. ఆ తీర్పుతో దళం పెద్దలే తృప్తి చెందక పునర్విచారణకు ఆదేశించారన్నది వారి పక్షాన చెప్పవలసిన మాట. కానీ 2015 జులైలో రెండవసారి కూడా అదే తీర్పు వచ్చింది. అదే ఏడాది ఆగస్టు చివరలో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ కుటుంబానికి 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సిఫారసు చేసింది. దోషి ఎవరూ లేరని ఒక వ్యవస్థ తేల్చిన మరణానికి మరొక వ్యవస్థ పరిహారం ఇమ్మన్నది. ఈ రెండింటికీ పొంతన ఎలా కుదురుతుందో మాకు బోధపడలేదు.

కమిషన్ అంతకు మించి ఎందుకు వెళ్లలేదని పాఠకులు అడుగవచ్చు. వెళ్లనీయకుండా చట్టమే గిరి గీసింది. మానవ హక్కుల పరిరక్షణ చట్టం (1993) సెక్షన్ 19 ప్రకారం సాయుధ బలగాలపై ఫిర్యాదు వస్తే కమిషన్ చేయగలిగినది కేంద్ర ప్రభుత్వాన్ని నివేదిక కోరడం మాత్రమే. నివేదిక అందిన తర్వాత ఫిర్యాదును ముగించవచ్చు, లేదా ప్రభుత్వానికి సిఫారసు చేయవచ్చు. పోలీసులపై ఫిర్యాదు వచ్చినప్పటి వలె తన దర్యాప్తు బృందాన్ని పంపి విచారించే దారి అక్కడ లేదు. సైన్యం, నౌకాదళం, వాయుసేనలతో పాటు కేంద్రం ఆధీనంలోని ఇతర సాయుధ బలగాలన్నీ ఈ నిర్వచనంలోకి వస్తాయి కనుక సరిహద్దు భద్రతా దళమూ అందులోనిదే. ఇక రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ల పరిధి రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితాలలోని అంశాలకే పరిమితం. కనుక కూచ్‌బెహార్ వాసి కోల్‌కతాకు వెళ్లినా ప్రయోజనం లేదు. చివరకు ఎవరిపై ఫిర్యాదో వారు రాసి పంపిన నివేదికే ఫిర్యాదుదారుని భాగ్యాన్ని నిర్ణయిస్తుంది.

ఇది పొరుగుదేశం వారి బాధ మాత్రమేనని ఎవరైనా అనుకుంటే, ఆ కంచె ఎక్కడ ఉన్నదో ఒకసారి తెలుసుకోవాలి. తెలుగు నేలకు పరదేశంతో భూసరిహద్దు లేదు కనుక మన పత్రికలలో ఈ సంగతులు అరుదుగా కనిపిస్తాయి. భారత్–బంగ్లాదేశ్ సరిహద్దు పొడవు 4,096 కిలోమీటర్లు. అందులో సగానికి పైగా పశ్చిమ బెంగాల్‌లోనే ఉంది. సరిహద్దు రేఖకు 150 గజాల లోపు రక్షణ కట్టడాలు ఉండరాదని 1975లో ఇరుదేశాలు మార్గదర్శకాలు రూపొందించుకున్నాయి. అందువలన కంచెను రేఖ మీద గాక ఇవతలికి జరిపి నిర్మించారు. మధ్యలో మిగిలిపోయిన భూమి మన దేశానిదే. దానికి పట్టాలున్న రైతులు మన పౌరులే. కొన్నిచోట్ల ఇళ్లు, గ్రామాలు సైతం కంచెకు అవతల ఉండిపోయాయి.

ఆ రైతు తన పొలానికి వెళ్లాలంటే కంచెలోని గేటు తెరిచే వేళ కోసం వేచి ఉండాలి. ఓటరు కార్డు జవాను చేతికి ఇచ్చి, పుస్తకంలో పేరు రాయించుకొని లోపలికి అడుగు పెట్టాలి. గేటు మూసే వేళకు తిరిగి రావాలి. పైరుకు నీరు పెట్టవలసిన సమయం గేటు వేళలతో కలిసిరాకపోతే నష్టపోయేది రైతే. జనుము వలె ఎత్తుగా పెరిగే పైర్లు స్మగ్లర్లకు చాటు ఇస్తాయని దళం అభ్యంతరం చెబుతుంది. ఆ నేలలో డబ్బు తెచ్చే పంట అదే. రాత్రివేళ కంచె అవతలి ఇంట్లో గర్భవతికి నొప్పులు మొదలైతే గేటు తాళం కోసం ఎవరిని లేపాలి? వీరిలో ముస్లింలున్నారు, రాజబంశీలున్నారు, పేదలైన సన్నకారు రైతులున్నారు. గేటు దగ్గర ఒక జవాను తిట్టినా, కొట్టినా, కార్డు తిరిగి ఇవ్వకపోయినా మరునాడు ఉదయం అదే గేటు వద్ద అదే జవాను ముందు నిలబడాలి. ఫిర్యాదులు పైకి రాకపోవడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కరలేదు.

2021 అక్టోబరులో కేంద్రం జారీ చేసిన ఉత్తర్వుతో పశ్చిమ బెంగాల్, అస్సాం, పంజాబ్ రాష్ట్రాలలో ఈ దళానికి సోదా, అరెస్టు అధికారాలున్న ప్రాంతం సరిహద్దు నుండి 15 కిలోమీటర్లకు బదులు 50 కిలోమీటర్ల వరకు విస్తరించింది. అధికారం మూడింతలకు మించి విస్తరించింది. పర్యవేక్షణ మాత్రం ఉన్నచోటనే ఉంది.

జవాన్ల కష్టాన్ని మేము తక్కువ చేయబోము. ఇంటికి వేల కిలోమీటర్ల దూరంలో, వానలో, చలిలో, పశువుల అక్రమ రవాణా ముఠాల కత్తుల మధ్య వారు రాత్రుళ్లు గడుపుతారు. ఆ దాడులలో గాయపడినవారూ ఉన్నారు. ఫెలానీ మరణం తర్వాత 2011లో ప్రాణాంతకం కాని ఆయుధాలను వాడే విధానం కూడా ఆ సరిహద్దులో ప్రవేశపెట్టారు. అయితే ఆ మార్పు దానంతట అది రాలేదు. ఢాకాలోని 'అధికార్', బెంగాల్‌లోని 'మాసుమ్' అనే సంస్థలు సంవత్సరాల తరబడి ఊరూరా తిరిగి ఒక్కొక్క మరణం వివరాలు సేకరించాయి. వాటి సాయంతో హ్యూమన్ రైట్స్ వాచ్ 2010 డిసెంబరులో ఒక నివేదిక ప్రచురించింది. దశాబ్ద కాలంలో 900 మందికి పైగా బంగ్లాదేశీయులు మరణించారని అందులో వివరించారు. ఆ పని చేసినందుకు దక్కిన ప్రతిఫలం ఏమిటి? చిత్రహింసలపై ప్రజా విచారణ నిర్వహించారన్న కారణంతో మాసుమ్ కార్యదర్శి కిరీటి రాయ్‌ను 2010 ఏప్రిల్‌లో అరెస్టు చేశారు.

ఇటువంటి చిక్కు మనకొక్కరికే లేదు. అమెరికాలోని శాన్ డియాగో సరిహద్దు ద్వారం వద్ద 2010లో అనస్తాసియో హెర్నాండెజ్ రోహాస్ అనే మెక్సికన్ వలస కార్మికుడు అధికారుల దెబ్బలకు, విద్యుదాఘాతపు తుపాకి ప్రయోగానికి గురై మరణించాడు. ఎవరిపైనా నేరారోపణ జరగలేదు. సరిహద్దు పట్టణాల ప్రజాసంఘాలు కలిసి ఏర్పరచుకున్న ఒక కూటమి ఈ కేసు కాగితాలను పట్టి పట్టి చదివి ఒక సంగతి బయటపెట్టింది. సరిహద్దు గస్తీ దళంలో 1987 నుండి ప్రత్యేక బృందాలున్నాయి. తమవారు చిక్కుల్లో పడిన ప్రతిసారీ అవే ముందుగా చేరుకొని సాక్ష్యాలను చేతిలోకి తీసుకుంటున్నాయి. వాటికి చట్టం ఇచ్చిన అధికారమేదీ లేదు. 2021లో ఆ కూటమి అమెరికా కాంగ్రెస్‌కు లేఖ రాసింది. మరుసటి ఏడాది ఆ బృందాలను రద్దు చేశారు. ఆ మరణానికి అమెరికా ప్రభుత్వానిదే బాధ్యత అని అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ తేల్చిన సంగతి 2025లో వెల్లడైంది. పదిహేనేళ్లు పట్టింది.

అదే 2025 మార్చిలో ఆ దేశ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖలో పౌరహక్కుల ఫిర్యాదులు చూసే కార్యాలయాన్ని, నిర్బంధ కేంద్రాలపై ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్ కార్యాలయాన్ని దాదాపు ఖాళీ చేసి సిబ్బందిని ఇళ్లకు పంపారు. శాఖ లోపల ఉన్న కన్నును శాఖాధిపతి ఎప్పుడైనా మూయగలడు. శాన్ డియాగో కూటమి బయటి ప్రజలది కనుక దానిని అలా మూయడం సాధ్యపడలేదు.

బ్రిటన్‌లో మరొక పద్ధతి ఉంది. వలసదారుల నిర్బంధ కేంద్రాలకు స్వతంత్ర పర్యవేక్షక మండళ్లు ఉన్నాయి. సభ్యులు జీతం తీసుకోని సామాన్య పౌరులు. చెప్పకుండా లోపలికి వెళ్లవచ్చు, నిర్బంధితులతో ఏకాంతంగా మాట్లాడవచ్చు, ఏటా నివేదిక ప్రచురించాలి. వినడానికి ఎంతో బాగుంది. అయినా లండన్ సమీపంలోని బ్రూక్ హౌస్ కేంద్రంలో 2017లో సాగిన దౌర్జన్యాన్ని బయటపెట్టినది రహస్య కెమెరాతో వెళ్లిన బి.బి.సి. కార్యక్రమమే. అయిదు నెలల కాలంలో అమానుష ప్రవర్తన అనదగిన 19 సంఘటనలకు విశ్వసనీయమైన ఆధారాలున్నాయని 2023లో విచారణ సంఘం నిర్ధారించింది. మండలి అక్కడ ఉండి కూడా చూడలేకపోయింది. అధికారులతో కలిసి టీ తాగే పరిచయం పెరిగాక ప్రశ్నించే గొంతు మెత్తబడుతుందని మా అనుమానం. మండలి సిఫారసులకు శాఖ కట్టుబడవలసిన అవసరం కూడా లేదు.

వీటిని చూసిన మీదట మాకు తోచినది ఇది. కూచ్‌బెహార్‌లోనో ముర్షిదాబాద్‌లోనో సరిహద్దు బ్లాకుకు ఒక పౌర మండలి ఉండాలి. గేటు వద్ద నిలబడవలసివచ్చే రైతు, స్థానిక న్యాయవాది, విశ్రాంత ఉపాధ్యాయుడు అందులో ఉండాలి. స్త్రీలు తప్పనిసరిగా ఉండాలి, సోదాల పేరిట వారు పడే అవమానం పురుషుల చెవిన పడదు. సభ్యులను దళం నియమించరాదు. గేటు పుస్తకాన్ని తనిఖీ చేసే హక్కు, కాల్పులు జరిగిన చోటికి అదే రోజు వెళ్లే హక్కు, ఆసుపత్రిలో క్షతగాత్రునితో మాట్లాడే హక్కు వారికి చట్టం ద్వారా దక్కాలి. దేశభద్రత రహస్యాలు బయటపడతాయన్న అభ్యంతరం తప్పక వస్తుంది. గస్తీ వేళలు, కెమెరాల స్థానాలు మండలికి అక్కరలేదు. తూటా పేలిన తర్వాత జరిగేది మాత్రమే దానికి కావాలి, అందులో శత్రువుకు ఉపయోగపడే రహస్యం ఏమీ లేదు.

అయితే మండలి పంపే కాగితం ఎక్కడికో చేరాలి కదా! సెక్షన్ 19 ఇలాగే ఉన్నంత కాలం అది కేంద్రం నుండి నివేదిక కోరడంతోనే ఆగుతుంది. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎ.ఎం. అహ్మదీ అధ్యక్షతన కమిషనే నియమించిన సలహా సంఘం ఈ లోపాన్ని ఎప్పుడో గుర్తించింది. 'సాయుధ బలగాలు' అన్న మాటకు సైన్యం, నౌకాదళం, వాయుసేన అన్న అర్థం మాత్రమే ఉండాలని, పారామిలిటరీ దళాలను అందులో నుండి తప్పించాలని సూచించింది. ఆ తర్వాత 2006లో, 2019లో చట్టాన్ని సవరించారు. ఆ నిర్వచనం జోలికి మాత్రం వెళ్లలేదు.

ఆలోగా మండలి వంటిది ఏర్పడితే అది చేయగలిగిన మొదటి పని ఒకటుంది. సంఘటన జరిగిన ఏడాది లోపు ఫిర్యాదు చేరకపోతే కమిషన్ దానిని విచారణకు స్వీకరించదు. కంచె పక్క ఊళ్లలో చాలా కుటుంబాలకు ఆ గడువు సంగతే తెలియదు. తెలిసినా కాగితం రాసిపెట్టే మనిషి దొరకడు.