ఆ రూపాయిని తోమకండి!

పండగ వస్తోందంటే వెండి కుందులు, కుంకుమ భరిణెతోపాటు పూజలో పెట్టే పాత రూపాయలకూ విభూతి పట్టించి తోమేస్తాం. తళతళా మెరుస్తాయి. అదే నాణేన్ని సేకరణలో చేయి తిరిగినవాళ్లకి చూపించండి. అంచులు పట్టుకుని, దీపం కింద అటూ ఇటూ తిప్పి, ‘అయ్యో, తోమేశారా!’ అని నొచ్చుకుంటారు.

ఆ బాధ ఎందుకో తెలియాలంటే నిజాం కాలపు చార్మినార్ రూపాయిని దగ్గరగా చూడాలి. మినార్ల నడుమ ద్వారంలో చిన్న అరబిక్ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ నాణెమైతే ‘మీమ్’, ఉస్మాన్ అలీఖాన్‌దైతే ‘ఐన్’. విభూతి ఎంత మెత్తనిదైనా పొడే. రుద్దిన ప్రతిసారీ వెండిమీద సన్నని గీతలు పడతాయి, ఉబ్బెత్తు పనితనం అరుగుతుంది. అరిగింది మళ్లీ రాదు.

రంగు ఎక్కడిది?

గాలిలోని గంధకపు వాయువులు తగిలి వెండిమీద సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. సేకర్తలు దీన్నే టోనింగ్ అంటారు. పొర పలచగా ఉంటే, వాననీటిమీద నూనె తెట్టులా రంగులు పలుకుతుంది. మొదట లేత బంగారు ఛాయ, తర్వాత ఊదా, నీలం. మందమైతే నలుపే.

అమెరికాలో 1878 నుంచి 1904 వరకూ, మళ్లీ 1921లోనూ ముద్రించిన మోర్గాన్ డాలర్లను వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో దాచారు. ఏళ్ల తరబడి సంచికి ఆనుకున్న కొన్ని నాణేలు ఇంద్రధనుస్సు రంగులు తేలాయి. వాటికోసం ఎన్నో రెట్లు ఎక్కువ చెల్లించేవాళ్లున్నారు. టంకశాల నుంచి వచ్చిన తెల్లని మెరుపే కావాలనేవాళ్లూ ఉన్నారు. రంగుకి ధర పలుకుతోందని వేడితో, గంధకంతో దొంగ రంగులు అద్దేవాళ్లూ తయారయ్యారు. అందుకే అనుభవజ్ఞులు కళ్లు చెదిరే రంగుని ముందు అనుమానిస్తారు.

రసాయనంలో ముంచితే నలుపు పోతుంది. కానీ ఆ నలుపులో ఉన్నదీ నాణెంలోని వెండే. పదే పదే ముంచితే మెరుపు చచ్చి, నాణెం పాలిపోతుంది.

ఎలా దాచాలి?

మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. కాలంగడిచేకొద్దీ అవి పచ్చటి జిగురు వదిలి లోహాన్ని తినేస్తాయి. రబ్బరు బ్యాండులో గంధకం ఉంటుంది, చుట్టినచోట నల్లని చార పడుతుంది. వార్తాపత్రికలు, మామూలు అట్టపెట్టెలు కూడా దూరం పెట్టాల్సినవే. మైలార్ కవర్లు, గట్టి యాక్రిలిక్ డబ్బీలు మేలు. ఉక్కపోసే విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి, మధ్యమధ్యలో మారుస్తుండాలి. నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోవాలి. వేలి చెమట మచ్చ అలాగే ఉండిపోతుంది. పీవీసీ జిగురు అంటితే మాత్రం స్వచ్ఛమైన అసిటోన్‌లో, మంటకి దూరంగా, రుద్దకుండా ముంచి తీయొచ్చు. అది వెండిని తాకదు.

నా మాట ఒకటే. నలుపు ముదరకుండా కాపాడండి, ఉన్నదాన్ని గీకకండి. వందేళ్లు ఆ రూపాయి ఏ పెట్టెలో, ఏ గుడ్డ మడతలో ఉందో చెప్పేది ఆ రంగే. ఈ పండక్కి కుందులు మెరిసేలా తోముకోండి. తాతల నాటి రూపాయిని మాత్రం ఆ రంగుతోనే అమ్మవారి ముందు పెట్టండి. రేపు మీ మనవరాలు భూతద్దం పట్టి చూసినప్పుడు, ఆ ద్వారంలో ‘ఐన్’ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.