మూడు గంటల మేత, ఇరవై ఒక్క గంటల చెర

ఇంగ్లండ్‌లో జూన్ వచ్చిందంటే, డబ్బు కట్టి గుర్రాలను ఉంచే లివరీ యార్డుల్లో ఒక మాట మొలుస్తుంది. "ఎండాకాలం గడ్డి విషం. రోజుకు మూడు గంటలకు మించి గుర్రాన్ని బయట వదిలారో, లామినైటిస్ ఖాయం." లామినైటిస్ అంటే గిట్టకు వచ్చే బాధాకరమైన జబ్బు. ఇన్నాళ్లూ ఈ హెచ్చరిక యార్డు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట. ఇప్పుడు నోటీసు బోర్డు ఎక్కింది. నాకు బాగా తెలిసిన ఒక యార్డులో ప్లాస్టిక్ తొడిగి మరీ గేటుకు తగిలించారు: సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకే పొలంలోకి, మిగతా వేళంతా లాయంలో. ఆ నియమం కిందికి వచ్చేవి పదహారు గుర్రాలు. వాటిలో లామినైటిస్ ఎన్నడైనా వచ్చినది ఒకే ఒక్కటి.

ఈ కథకు మూలం ఆ ఒక్కటే. అదొక షెట్లాండ్ పోనీ. లామినైటిస్ వచ్చినప్పుడు వెట్ దాన్ని లాయంలోంచి కదలనివ్వొద్దన్నారు. సరైన మాటే. గిట్ట లోపలి పట్టు వదులుతున్నప్పుడు ప్రతి అడుగూ నష్టమే. మెత్తటి పరుపు, తూచిన ఎండుగడ్డి, నొప్పికి మందు, పూర్తి విశ్రాంతి. వెనక్కి తగ్గకుండా పాటించాల్సిన వైద్యం అది. కానీ అది జబ్బుపడిన పోనీకి రాసిన చీటీ. చేతులు మారేకొద్దీ ఆ చీటీ "గడ్డి తగ్గిస్తే మంచిదట" అయింది, తర్వాత "బయట వదలడం తగ్గిస్తే మంచిదట" అయింది, చివరికి "అందరికీ మూడు గంటలే" అయింది. ఒకరికి జ్వరమొచ్చి డాక్టరు లంఖణం పెట్టమంటే, ఇంటిల్లిపాదినీ వేసవంతా పస్తులుంచినట్టు.

పైగా ఆ మూడు గంటలూ పెట్టిన వేళ చూడండి. నాలుగింటికే ఎందుకు? పిల్లలు బడి నుంచి వచ్చే వేళ అది. గుర్రాన్ని తీయడానికి మనుషులుంటారు. అంతకు మించి కారణమేమీ లేదు. గడ్డి పగలంతా ఎండలో చక్కెర తయారుచేసుకుంటుంది, రాత్రి పెరగడానికి దాన్ని వాడుకుంటుంది. కాబట్టి వేసవిలో గడ్డిలో చక్కెర అన్నిటికంటే తక్కువ ఉండేది తెల్లవారుజామున, అన్నిటికంటే ఎక్కువ ఉండేది మధ్యాహ్నం తిరిగాక, సాయంత్రం దాకా. లామినైటిస్ రాకూడదని పెట్టిన నియమం, రోజు మొత్తంలో అతి ప్రమాదకరమైన మూడు గంటల్ని ఏరి మరీ పట్టుకుంది.

గేటు దగ్గర నిలబడి ఆ మూడు గంటలు ఎలా గడుస్తాయో ఒక్కసారి చూడండి. వెల్ష్ పోనీ మెడలోంచి తాడు తీయగానే పక్క గుర్రాన్ని పలకరించదు, దొర్లదు, చుట్టూ చూడదు. గేటు లోపల రెండో అడుగులోనే తల దించుతుంది. ఇక ఎత్తదు. ముందుకాళ్లలో ఒకటి ముందు, ఒకటి వెనక, పళ్లు గడ్డి తెంచే చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది. ఏడింటికి పాప తాడు పట్టుకుని వస్తే కొసరు నాలుగు కబళాలు లాగి గానీ కదలదు. ఇది నా కంటికి కనిపించింది మాత్రమే కాదు, కొలిచి చూసినవాళ్లున్నారు. రోజుకు 3 గంటలు పచ్చికలో వదిలి, మిగతా వేళ హేలేజ్ (సగం ఆరబెట్టి మూటకట్టిన గడ్డి) అందుబాటులో ఉంచిన పోనీలు మొదటి వారంలోనే తమ రోజు మేతలో దాదాపు 40 శాతాన్ని ఆ 3 గంటల్లో తినేశాయి. ఆరో వారానికి అది సగం దాకా చేరింది. అంటే గేటు ఎప్పుడు మూస్తారో అవి నేర్చుకున్నాయి, ఆ లెక్కన వేగం పెంచుకున్నాయి. గంటలు తగ్గితే గడ్డి అదే పాళ్లలో తగ్గుతుందనే లెక్క గుర్రం ముందు చెల్లదు.

ఇక మిగిలిన ఇరవై ఒక్క గంటలు. గుర్రం వదిలిపెడితే రోజుకు 10 నుంచి 16 గంటలు మేస్తుంది. దాని పొట్టలో ఆమ్లం మేత ఉన్నా లేకున్నా ఊరుతూనే ఉంటుంది, దాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. రాత్రి ఏడున్నరకు కట్టిన ఎండుగడ్డి వల పదింటికి ఖాళీ. మళ్లీ వల వచ్చేది తెల్లారి ఏడింటికి. నడుమ తొమ్మిది గంటలు ఖాళీ పొట్టలో ఆమ్లం. కడుపులో పుండ్లు పడ్డాయంటే ఆశ్చర్యమేముంది? కదలిక లేక కాళ్లు నీరు పడతాయి. బయట తిరగడం ఉన్నపళంగా తగ్గితే పేగులో మేత గట్టిపడి కోలిక్ అనే కడుపునొప్పి వచ్చే ముప్పు పెరుగుతుంది. ఆ యార్డులోనే ఒక కనెమారా పోనీ తలుపు అంచును పళ్లతో పట్టి గాలి మింగడం మొదలుపెట్టింది. ఒకసారి పట్టుకున్న ఆ అలవాటు తర్వాత పొలంలో వదిలినా పోవడం కష్టం. సవారీకి తీస్తే ఎగిరెగిరి పడుతోందని యజమానురాలి ఫిర్యాదు. "గడ్డి తలకెక్కింది" అని అందరూ తేల్చేశారు. మందేమిటట? ఇంకో గంట తగ్గించడమట!

అసలు విషయానికి వస్తే, లామినైటిస్‌కు పెద్ద ద్వారం ఇన్సులిన్. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం చాలామందికి గుర్తుండాలి. ఆరోగ్యంగా ఉన్న పోనీల రక్తంలోకి ఇన్సులిన్ ఆపకుండా ఎక్కించారు, చక్కెర మాత్రం మామూలు మట్టంలోనే నిలబెట్టారు. 72 గంటల్లోగా వాటన్నిటికీ లామినైటిస్ వచ్చింది. అక్కడ పచ్చిక ప్రసక్తే లేదు. గడ్డిలోని చక్కెరకు ఇన్సులిన్‌ను అతిగా ఎగదోసే శరీరం ఏ గుర్రానికి ఉందన్నదే ప్రశ్న. మెడ మీద కొవ్వు గట్టిపడి గట్టులా లేచిన పోనీ, వేలికి పక్కటెముకలు దొరకని గుర్రం, 15 ఏళ్లు దాటి కుషింగ్స్ అనే హార్మోన్ల జబ్బు మొదలైన ముసలి గుర్రం, ఇదివరకే లామినైటిస్ వచ్చిన గుర్రం: వీటికి ముప్పు ఉంది. ఒక రక్తపరీక్షతో చాలావరకు తేలిపోతుంది. పరీక్ష చేయించడం మానేసి పదహారింటికీ తలుపులు బిగించడం జాగ్రత్త కాదు, బద్ధకం. బక్కచిక్కిన థరోబ్రెడ్‌ను అదే నియమం కింద లోపల కట్టేసి, బరువు తగ్గుతోందని మూటలకొద్దీ దాణా కొంటున్నవాళ్లను చూశాక ఇంకో మాట వాడాలనిపిస్తుంది గానీ, సంపాదకులు ఒప్పుకోరు.

బయట ఉండటం వేరు, పచ్చిక మేయడం వేరు. ఈ రెంటినీ ఒకే ముడి వేయడం వల్లే ఈ గోలంతా. తగ్గించాల్సింది నోట్లోకి వెళ్లే గడ్డిని. కాళ్లకు దొరికే నేలను, పక్కన దొరికే తోటి గుర్రాన్ని కాదు. ఇసుక పరిచిన మైదానంలో, చెక్కపేళ్లు పోసిన దొడ్డిలో, పొలం చుట్టూ కంచె వేసి తీసిన బాటలో నానబెట్టిన ఎండుగడ్డి పెట్టి వదలొచ్చు. కరెంటు కంచెను రోజుకు ఒక అడుగు జరుపుతూ కొత్త గడ్డి కొంచెం కొంచెంగా ఇవ్వొచ్చు. లేదా మూతికి చిక్కం కట్టొచ్చు. నూర్పిడి కళ్లంలో ఎద్దులకు చిక్కం కట్టడం చూసి పెరిగినవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ ఇక్కడ "పాపం, క్రూరం" అంటారు. అడుగున చిన్న కన్నమున్న చిక్కం పోనీ తినే గడ్డిని సుమారు 80 శాతం తగ్గిస్తుందని కొలతలు చెబుతున్నాయి. నీళ్లు తాగగలదు, నడవగలదు, స్నేహితుడి పక్కన నిలబడగలదు. ఇరవై ఒక్క గంటలు గోడ చూస్తూ నిలబడటం కన్నా ఇది క్రూరమా? సరిగ్గా అమరాలి, ఒరుసుకుపోయి పుండు పడకుండా రోజూ చూడాలి, రోజంతా వదిలేయకుండా 10, 12 గంటల్లో విప్పాలి. అంతే.

మరి ఎన్ని గంటలు వదలాలి? ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి వేసవిలో వీలైనంత ఎక్కువ. నీడ, నీళ్లు, తోడు ఉంటే రాత్రింబవళ్లూ. రోజులో సగమే కుదురుతుందంటే పొద్దుపోయాక వదిలి మర్నాడు పొద్దెక్కేలోపు తీసుకురండి. గడ్డిలో చక్కెర తక్కువ, ఈగలు తక్కువ, వేడీ తక్కువ. ఒక మినహాయింపు ఉంది. స్వీట్ ఇచ్ అనే దురద జబ్బు ఉన్న గుర్రాన్ని కుట్టే చిన్న దోమలు సరిగ్గా సంధ్యవేళల్లోనే లేస్తాయి కాబట్టి దానికి ఒళ్లంతా కప్పే వస్త్రం కావాలి, లేదా ఆ రెండు వేళల్లో లోపల ఉండాలి. ముప్పు ఉన్న పోనీకీ గంటలు దాదాపు అవే, గడ్డి మాత్రం కట్టడిలో. "స్విట్జర్లాండ్ చట్టమే రెండు గంటలు చాలంది కదా" అని వాదించేవాళ్లూ ఉన్నారు. పనిలో లేని గుర్రానికి రోజుకు కనీసం 2 గంటలు బయట స్వేచ్ఛ ఇవ్వాలంటుంది అక్కడి నిబంధన. అంతకంటే తగ్గితే తప్పు అని దాని అర్థం. అంత ఇస్తే సరిపోయిందని కాదు.

ఒక్క విషయంలో యార్డు యజమానుల మాట ఒప్పుకోక తప్పదు. వేసవంతా అన్ని గుర్రాలూ పొలం మీద పడితే చలికాలానికి గడ్డి మిగలదు. ఇంగ్లండ్ ప్రభుత్వ సంక్షేమ నియమావళి, బయటి మేత పెట్టకపోతే గుర్రానికి సుమారు అర హెక్టారు నుంచి ఒక హెక్టారు పచ్చిక కావాలంటుంది. అంటే ఎకరంపావు నుంచి రెండున్నర ఎకరాలు. పదహారు గుర్రాలకు అది ఎంతవుతుందో లెక్కేసి, మీ యార్డు వెనకున్న పొలాన్ని చూడండి. యజమాని గోడు నిజమే. పొలంలో కొంత భాగం మూసి విశ్రాంతినివ్వడం మంచి సాగు. కాదనను. కానీ అలాగే చెప్పండి: "నేల చాలదు, అందుకని వదలడం లేదు" అని. నేల చాలకపోవడానికి లామినైటిస్ అని పేరు పెడితే, డబ్బు కట్టేవాళ్లు అదే వైద్యమనుకుని ఇంకో యార్డుకెళ్లినా గుర్రాన్ని లోపలే కట్టేసుకుంటారు.

మిగతా నమ్మకాలకు తలా ఒక వాక్యం చాలు. గీకినట్టున్న పొట్టి గడ్డి క్షేమం అనేది తప్పు, కాడ మొదట్లోనే చక్కెర దాగుంటుంది. వానల్లేక గోధుమరంగుకు తిరిగిన పచ్చికలో సారం లేదనేదీ తప్పే, పెరుగుదల ఆగిన గడ్డి చక్కెరను ఖర్చుపెట్టదు. ఎండుగడ్డిలో చక్కెర ఉండదని ఎవరన్నారో గానీ, ఉంటుంది, నానబెట్టేది అందుకే. లామినైటిస్ వసంతంలోనే వస్తుందనుకోకండి, పన్నెండు నెలలూ వస్తుంది. కొండజాతి పోనీలకు ఏమీ కాదట! ఆ కొండల మీద చలికాలం వాటిని బక్కచిక్కించేది, మీరేమో దుప్పటి కప్పి దాణా పెడుతున్నారు. గుర్రం ర్యాగ్‌వర్ట్ అనే విషపు మొక్కను ముట్టదు కాబట్టి పీకక్కర్లేదనేవాళ్లు, అదే మొక్క ఎండుగడ్డిలో కలిస్తే గుర్రం గుర్తుపట్టలేదని తెలుసుకోవాలి. ఇక ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు "పాపం, ఎండలో నిలబెట్టారేంటి" అంటారు. 25 డిగ్రీలు గుర్రానికి ఎండ కాదండీ. 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైన రోజులాంటిది వస్తే తప్పకుండా నీడకు తీసుకెళ్లండి. అలాంటప్పుడు గాలి ఆడని రేకు లాయం కన్నా చెట్టు కింద నయం.

పిల్లలకు పోనీ కొనిపెడుతున్న మనవాళ్లకు ఒక మాట. ఇంగ్లండ్‌లో గుర్రపుస్వారీ నేర్పే బడికి లైసెన్సు కావాలి గానీ, గుర్రాన్ని ఉంచుకునే లివరీ యార్డుకు అక్కర్లేదు. 2006 నాటి జంతు సంక్షేమ చట్టం గుర్రం అవసరాలు తీర్చమంటుంది, రోజుకు ఇన్ని గంటలని లెక్క చెప్పదు. దాని కింద బాధ్యత యార్డుది మాత్రమే కాదు, గుర్రం సొంతదారైన మీదీ. కాబట్టి సంతకానికి ముందే అడగండి: జూన్ నుంచి ఆగస్టు దాకా ఎన్ని గంటలు, ఏ వేళ, ఎన్ని గుర్రాలకు ఎంత నేల, పచ్చిక లేని దొడ్డి ఉందా, ఒంటరిగానా తోడుతోనా, పొద్దున్నే ఎవరు లోపలికి తెస్తారు. జవాబు కాగితం మీద ఉండాలి. బ్రిటిష్ హార్స్ సొసైటీ దగ్గర నమూనా ఒప్పందం దొరుకుతుంది, అందులో ఇదంతా రాయించుకోవచ్చు. "మా దగ్గర అలా కుదరదు" అంటే ఇంకో యార్డు చూసుకోండి, దూరమైనా సరే.

ఇప్పటికే మూడు గంటల లెక్కలో ఉన్న పోనీని ఇది చదివిన ఆవేశంలో రేపు రాత్రంతా పచ్చికలో వదిలేయకండి. ముందు వెట్‌తో ఇన్సులిన్ పరీక్ష చేయించండి. రాత్రి వలలో గడ్డి తెల్లారేదాకా మిగిలేలా చిన్న కన్నాల వల రెండు చోట్ల కట్టండి, ఇది ఈ రాత్రే చేయొచ్చు. నాలుగింటి వేళను పొద్దున ఆరింటికి మార్చండి. చిక్కంతో మొదలుపెట్టి రెండు మూడు రోజులకొకసారి అర్ధగంట పెంచండి. రోజూ గిట్ట మీద చెయ్యి వేయండి, గిట్టకు పైన, కాలి వెనక వైపు రెండు వేళ్లు ఆనించి నాడి చూడండి. మామూలుగా ఆ నాడి అందీ అందనట్టు ఉంటుంది. అది వేలికింద గట్టిగా కొడుతున్నా, గిట్ట గంటల తరబడి వేడిగా ఉన్నా, మలుపు తిప్పితే అడుగు వేయడానికి పోనీ వెనకాడినా ఆ రోజు బయటికి వదలొద్దు. మెత్తగా పరిచి లోపలే ఉంచి, వెంటనే వెట్‌కు ఫోన్ చేయండి.