చమురు బావి నుంచి రిఫైనరీ వరకు: ఉద్గారాల తగ్గింపులో తొలి మెట్టు లీకుల కట్టడి

వాహనంలో పెట్రోలు మండినప్పుడు వచ్చే పొగ కాలుష్య కారకమని అందరికీ తెలిసిందే. అయితే ఆ పెట్రోలు బంకుకు చేరక ముందే, ముడి చమురును భూగర్భం నుంచి వెలికితీసి, రవాణా చేసి, శుద్ధి చేసే దశల్లోనే పెద్ద మొత్తంలో గ్రీన్‌హౌస్ వాయువులు వాతావరణంలో కలుస్తున్నాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం, చమురు, సహజ వాయు కార్యకలాపాల వల్ల ఏటా సుమారు 510 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడుతున్నాయి. ప్రపంచ ఇంధన రంగ ఉద్గారాల్లో ఇది దాదాపు 15 శాతం. అందులో సుమారు సగం మీథేన్ వాయువుదే.

ఈ ఉద్గారాలను తగ్గించడానికి కోట్లాది వినియోగదారులు తమ వాహనాలను మార్చుకునే వరకు వేచి ఉండవలసిన పని లేదు. బావుల వద్ద, పైపులైన్ల వెంట, రిఫైనరీలలో చర్యలు తీసుకుంటే చాలు. పైగా అక్కడ వృథాగా పోతున్నది అమ్ముకోదగిన సరుకే.

మీథేన్ ఎందుకు కీలకం?

సహజ వాయువులో అత్యధిక భాగం మీథేన్. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఇళ్లలో వాడే గ్యాస్‌కు ఉండే ఘాటైన వాసన, లీకైతే గుర్తించేందుకు వీలుగా ప్రత్యేకంగా కలిపినది. బావి వద్ద లీకయ్యే మీథేన్ మాత్రం కంటికి, ముక్కుకు అందకుండానే గాలిలో కలిసిపోతుంది.

భూమిని వేడెక్కించే శక్తిలో, 20 ఏళ్ల కాలానికి లెక్కిస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా ప్రభావవంతమైనది. వందేళ్ల కాలానికి లెక్కించినా అది సుమారు 30 రెట్లు. అయితే కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం శతాబ్దాల తరబడి వాతావరణంలో నిలిచి ఉంటే, మీథేన్ సుమారు 12 ఏళ్లలో విచ్ఛిన్నమవుతుంది. అందువల్ల నేడు మీథేన్‌ను అదుపు చేస్తే, ఆ ఫలితం ఈ తరం జీవితకాలంలోనే కనిపిస్తుంది.

వాయువు పోయే మూడు మార్గాలు

మొదటిది లీకు. వాల్వులు, పైపుల అతుకులు, కంప్రెసర్ల సీళ్లు, నిల్వ ట్యాంకుల మూతల నుంచి వాయువు కొద్దికొద్దిగా జారిపోతుంది. రెండవది ఉద్దేశపూర్వకంగా వదలడం. మరమ్మతుల సమయంలో పైపులను ఖాళీ చేసేందుకు, లేదా వాయు పీడనంతో పనిచేసే నియంత్రణ పరికరాలను నడిపేందుకు మీథేన్‌ను నేరుగా గాలిలోకి విడిచిపెడతారు.

మూడవది ఫ్లేరింగ్, అంటే వాయువును మండించివేయడం. చమురుతో పాటు బావి నుంచి సహజ వాయువు కూడా పైకి వస్తుంది. దానిని తరలించేందుకు సమీపంలో పైపులైను గాని, కొనేవారు గాని లేనప్పుడు ఎత్తైన గొట్టం చివర కాల్చివేస్తారు. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో ఇలా మంటల పాలైన వాయువు 15,100 కోట్ల ఘనపు మీటర్లు. భారతదేశం ఏడాది పొడవునా వినియోగించే సహజ వాయువుకు ఇది సుమారు రెట్టింపు. ఇందులో నాలుగింట మూడు వంతులు రష్యా, ఇరాన్, ఇరాక్, అమెరికా వంటి తొమ్మిది దేశాల్లోనే జరుగుతోంది.

మండిస్తే మీథేన్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుందని అనుకుంటాం. పరిశ్రమ లెక్కల్లో 98 శాతం నశిస్తుందని భావించేవారు. అమెరికా చమురు క్షేత్రాలపై విమానాల నుంచి జరిపిన కొలతల ఆధారంగా 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అది సుమారు 91 శాతమేనని తేలింది. కొన్ని గొట్టాల వద్ద మంట పూర్తిగా ఆరిపోయి, వాయువు నేరుగా వెలువడుతున్నట్లు కూడా వెల్లడైంది. అంటే కాగితం మీది లెక్క కంటే నాలుగు రెట్లకు పైగా మీథేన్ గాలిలో కలుస్తోందన్నమాట.

పరిష్కారాలు సిద్ధంగా ఉన్నాయి

మీథేన్‌ను పట్టిచూపే పరారుణ కెమెరాలతో క్రమం తప్పకుండా తనిఖీ చేసి, లీకులను వెంటనే సరిచేయడం మొదటి చర్య. వాయు పీడనంతో నడిచే పాత పరికరాల స్థానంలో విద్యుత్ లేదా సంపీడిత గాలితో పనిచేసేవి అమర్చవచ్చు. ట్యాంకుల నుంచి వచ్చే ఆవిరులను పట్టి తిరిగి పైపులైనులోకి పంపే యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. మండించే వాయువును తిరిగి భూగర్భంలోకి పంపవచ్చు, అక్కడికక్కడే విద్యుత్తుగా మార్చవచ్చు, సీఎన్‌జీగా సిలిండర్లలో నింపి తరలించవచ్చు.

ఖర్చు ఎక్కువైన మార్గాలు కూడా ఆచరణలో ఉన్నాయి. నార్వేలోని యోహాన్ స్వెర్‌డ్రప్ సముద్ర క్షేత్రానికి తీరం నుంచి కేబుళ్ల ద్వారా విద్యుత్ అందుతోంది. అదే దేశంలోని స్లైప్నర్ క్షేత్రంలో సహజ వాయువు నుంచి వేరు చేసిన కార్బన్ డయాక్సైడ్‌ను 1996 నుంచి సముద్ర గర్భం అడుగున నిక్షిప్తం చేస్తున్నారు. రిఫైనరీలలో సహజ వాయువు నుంచి తయారయ్యే హైడ్రోజన్‌కు బదులుగా హరిత హైడ్రోజన్ వాడటం మరో మార్గం.

మరి అడ్డంకి ఏమిటి?

చమురు, సహజ వాయు రంగంలోని మీథేన్ ఉద్గారాలలో సుమారు 40 శాతాన్ని నికర వ్యయం లేకుండానే నివారించవచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ చెబుతోంది. ఆదా అయిన వాయువును అమ్మితే పెట్టుబడి తిరిగి వస్తుంది. అయినా పని నెమ్మదిగా సాగడానికి కారణాలు ఉన్నాయి. వాయువు అనేక బావుల వద్ద చిన్న చిన్న మొత్తాల్లో చెదిరి ఉంటుంది. దానిని సేకరించే పెట్టుబడిని మరో బావి తవ్వడానికి వెచ్చిస్తే అధిక లాభం వస్తుందని సంస్థలు భావిస్తాయి. అన్నింటికీ మించి, కొలవని నష్టం ఖాతాల్లో కనిపించదు.

ఈ పరిస్థితి మారుతోంది. 2017లో ప్రయోగించిన యూరోపియన్ ఉపగ్రహం సెంటినల్-5పి వంటివి భారీ లీకులను అంతరిక్షం నుంచి గుర్తిస్తున్నాయి. 2024 ఆగస్టులో అమలులోకి వచ్చిన ఐరోపా సమాఖ్య మీథేన్ నిబంధనలు, దిగుమతి చేసుకునే చమురు, సహజ వాయువులకు కూడా దశలవారీగా వర్తిస్తాయి. నార్వే 1991 నుంచే సముద్ర చమురు క్షేత్రాలపై కార్బన్ పన్ను విధిస్తోంది.

భారతదేశం, గోదావరి తీరం

మన దేశం తన సహజ వాయు అవసరాల్లో దాదాపు సగాన్ని దిగుమతి చేసుకుంటోంది. కనుక ఇక్కడ వృథా అయ్యే ప్రతి ఘనపు మీటరు విదేశీ మారక ద్రవ్య నష్టమే. 2030 నాటికి మీథేన్‌ను 30 శాతం తగ్గించాలన్న 2021 నాటి అంతర్జాతీయ ప్రతిజ్ఞలో భారత్ చేరలేదు. దేశంలో మీథేన్ ప్రధానంగా పశువులు, వరి పొలాల నుంచి వస్తుందని, దానిపై ఆంక్షలు చిన్న రైతుల జీవనోపాధిని దెబ్బతీస్తాయని ప్రభుత్వం వివరించింది. చమురు బావులకు ఈ వాదన వర్తించదు. 2038 నాటికి తమ కార్యకలాపాల ఉద్గారాలను నికర సున్నాకు తెస్తామని ఓఎన్‌జీసీ, 2046 నాటికి తెస్తామని ఇండియన్ ఆయిల్ ప్రకటించాయి.

కృష్ణా-గోదావరి బేసిన్ ప్రజలకు ఇది వాతావరణ అంశం మాత్రమే కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో ఎగసిన మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను నుంచి లీకైన వాయువు అంటుకొని 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. లీకును ముందుగా పసిగట్టే తనిఖీ భూతాపాన్నే కాదు, ఇటువంటి ప్రమాదాన్ని కూడా నివారిస్తుంది.

ఒక పరిమితిని మాత్రం గుర్తుంచుకోవాలి. సంస్థలు ప్రకటించిన ఈ లక్ష్యాలు ప్రధానంగా వాటి సొంత కార్యకలాపాలకే వర్తిస్తాయి. వినియోగదారులు ఇంధనాన్ని మండించినప్పుడు వచ్చే ఉద్గారాలు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందువల్ల లీకుల కట్టడి ఇంధన మార్పిడికి ప్రత్యామ్నాయం కాదు. కానీ ఆ మార్పిడికి దశాబ్దాలు పట్టే తరుణంలో, తక్కువ ఖర్చుతో ఇప్పుడే చేపట్టగలిగిన పని ఇదే. వాయువు ఎక్కడ ఎంత పోతున్నదో కొలిచి, ఆ లెక్కలను ప్రజల ముందు ఉంచడంతోనే అది మొదలవుతుంది.